పొమ్మనే గొంతు

"అసలు అవన్నీ రాయించమని నిన్నెవరు అడిగారు నాన్నా?"

పొద్దున్నుంచి కూతురు ఈ మాట అడగడం నాలుగోసారి. ఆసుపత్రి లాండ్రీలో తెల్లవారుజాము షిఫ్టు చేసి వచ్చి, ఒంటి మీది నీలం గౌను కూడా తీయకుండా అడుగుతోంది. దుప్పట్లు ఉతికే సోడా వాసన ఆమెతో పాటే వంటింట్లోకి వచ్చింది.

పెద్దాయన బల్ల మీద, ఉప్పు డబ్బా కింద పెట్టిన ఉత్తరం వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఉత్తరం ఆఫ్రికాలో ఉన్న ఏనుగుల అభయారణ్యం నుంచి వచ్చింది. రావడం ఫోనులోనే వచ్చింది. తాత చేతికి కాగితమే ఇవ్వాలని మనవరాలు కాలేజీ దగ్గర అచ్చు తీయించి తెచ్చింది. తాతకు చదవడం రాదు. అయినా కాగితం కాగితమే.

"అడిగారు," అన్నాడు చివరికి. ఆయన మాట ఎప్పుడూ అంతే, మెట్లు దిగే మనిషిలా ఒక్కో అడుగూ చూసుకుని వస్తుంది. "ఫారంలో అడిగారు. ఏనుగులతో ఇదివరకు పరిచయం ఉందా అని."

"లేదు అంటే సరిపోయేది కదా!"

"ముప్ఫై ఒక్క ఏళ్లు జూలో ఓ ఏనుగు పేడ ఎత్తాను. లేదని ఎలా చెప్పను?"

"అందరూ లేదనే రాస్తారు. జీపెక్కుతారు, ఫొటోలు తీసుకుంటారు, దిగుతారు. నువ్వు మాత్రం దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పావు. ఏం తినేది, ఎటు తిరిగి పడుకునేది, ఎలా పిలిస్తే వచ్చేది. ఇప్పుడు చూడు. మిమ్మల్ని సఫారీకి రానివ్వలేం అని రాశారు. హాయిగా ఉందా?"

మనవరాలు సింకు దగ్గర నిలబడి కడిగిన గ్లాసునే మళ్లీ కడుగుతోంది. తాత చెప్పాడు గానీ, రాసిన చెయ్యి ఆ పిల్లదే.

"ఏమోయ్, ముందు కూర్చో. కాసిని నీళ్లు తాగు," అన్నాడు అల్లుడు.

"నేను కూర్చుంటే ఈ ఇంట్లో ఏ పనైనా కదులుతుందా?"

అల్లుడు ఊరుకున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మధ్యలో ఇరుక్కుపోయినప్పుడు అటూ ఇటూ కదలకూడదని రోజూ పదిమందికి చెప్పే మనిషి.

ఫ్రిజ్ తలుపు మీద ఎనిమిది నెలలుగా ఒక జాబితా వేలాడుతోంది. అల్లుడి దస్తూరీ. టీకా వేయించుకోవాలి. అది కొట్టేసి ఉంది, దానికి పెద్దాయన రెండు రోజులు జ్వరంతో మూలిగాడు. మెత్తని సంచి కొనాలి, చిన్న విమానంలో గట్టి పెట్టె ఎక్కించరట. అదీ కొట్టేసి ఉంది. నీలం, నలుపు బట్టలు వద్దు, అక్కడి ఈగలు ఆ రంగులకే ముసురుతాయట. కూతురి బట్టలన్నీ నీలమే కాబట్టి మట్టిరంగు చొక్కాలు రెండు కొనుక్కుంది. దుర్భిణీ పక్కింటివాళ్లది, బతిమాలి తెచ్చారు. అన్నిటికన్నా కింద మనవరాలు ఎర్రసిరాతో ఒక్క మాట రాసింది. చెవులమ్మ.

కొట్టేయకుండా మిగిలింది ఆ ఒక్కటే.

చేటలంత చెవులతో, నడుమెత్తు కూడా లేని ఏనుగు పిల్లగా జూకి వచ్చినప్పుడు దానికి ఆ పేరు పెట్టింది పెద్దాయనే. అయిదేళ్ల కింద, ఏనుగు ఉండటానికి ఆ చోటు చాలదని పైవాళ్లు తేల్చి, దాన్ని దాని పుట్టిన దేశానికి పంపించేశారు. అది విమానం ఎక్కిన రోజే ఆయన ఉద్యోగమూ అయిపోయింది. ఇప్పుడు కుడికన్ను పోయింది. ఎడమకన్ను ఇంకో ఏడాది అని డాక్టరు చెప్పాడు. అందుకే ఈ ప్రయాణం. ఇంకా బయల్దేరనే లేదు, అప్పుడే ఇంట్లో అందరూ అలసిపోయారు.

కిటికీ గట్టు మీదికి పిల్లి ఎక్కింది. ఉల్లిపాయలు తరుగుతున్న పెద్దావిడ తలెత్తకుండానే అరిచింది.

"ఛీ! పో అవతలికి!"

పిల్లి వెనక్కి కూడా చూడకుండా పోయింది. ఆ గొంతు వింటే వీధిలో అడ్డంగా ఆపిన కారు కూడా దానంతట అదే కదులుతుందని అల్లుడు వేళాకోళం చేస్తుంటాడు. ఈ పూట ఎవరూ నవ్వలేదు.

"పోనీండి," అంది పెద్దావిడ కత్తిపీటకు అంటిన ముక్కలు దులుపుతూ. "నా సవతి మొహం నేను చూడనని ముందే చెప్పాను. ఇప్పుడు అది ఆయన మొహం కూడా చూడనంటోంది. ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. సరిపోయింది."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకునే ఉన్నానే. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరుకునే ఉన్నాను. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్తే, 'ముందు దాన్ని తిననీ' అనేవాడు మీ నాన్న. కట్టుకున్నదాన్ని నిలబెట్టి!"

"నిలబెట్టలేదు. బెంచీ ఉండేది," అన్నాడు పెద్దాయన.

"ఆ బెంచీ మీద నీ గడ్డిమోపు కూర్చునేది!"

కూతురు ఆ మాటలు వినడం లేదు. ఫ్రిజ్ తలుపు ముందు నిలబడి జాబితా వైపు చూస్తోంది.

"ఎనిమిది నెలలు," అంది మెల్లగా. "ఒక్క ఆదివారం ఇంట్లో లేను. ఒంట్లో బాగాలేకపోయినా వెళ్లాను, సెలవు మిగలాలని. నీ కన్ను ఉండగా చూపించాలని. నువ్వు ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్కటి దాచుకోలేకపోయావా నాన్నా?"

ఆయన చేతులు బల్ల మీద పెట్టి వాటినే చూసుకున్నాడు.

ఆమె వెళ్లి గదిలో పడుకుంది. తలుపు ధడాలున వేసి ఉంటే కొంచెం నయంగా ఉండేది. చప్పుడు లేకుండా వేసింది.

* * *

మధ్యాహ్నం మనవరాలు వెనక వసారాలో బట్టలు ఆరేస్తుంటే పెద్దాయన వచ్చి తిరగేసిన బకెట్ మీద కూర్చున్నాడు. చేతిలో ఉత్తరం ఉంది.

"రెండో కాగితం ఏదమ్మా?"

ఆ పిల్ల చేతిలో క్లిప్పు కింద పడింది. "రెండోదేంటి తాతా?"

"కింద సంతకం లేదు దీనికి."

"నీకు చదవడం రాదుగా!"

"రాదు. రోజూ సాయంత్రం ఆఫీసులో గుమాస్తా పక్కన నిలబడి రిజిస్టరు చెప్పేవాణ్ణి. ఇంత గడ్డి తింది, ఇన్ని నీళ్లు తాగింది, ఎడమ కాలు కుంటింది. ఆయన రాసేవాడు. ఆఖర్న సంతకం పెట్టేవాడు. సంతకం లేకపోతే ఆ రోజు అయిపోలేదన్నట్టు." ఉత్తరం కింది అంచు మీద వేలు పెట్టాడు. "ఇది అయిపోలేదు."

మనవరాలు తడి చేతులు గౌనుకు తుడుచుకుంది. పుస్తకాల సంచిలోంచి మడతపెట్టిన కాగితం తెచ్చింది. విప్పకుండా పట్టుకుని నిలబడింది.

"తాతా, నేను రాయకుండా ఉండాల్సింది."

"చదువు."

ఆమె చదివింది. అక్కడి పశువైద్యురాలు రాసిన ఉత్తరం అది. వాళ్ల భాషలోంచి తన మాటల్లోకి మార్చుకుంటూ, మధ్యమధ్యలో ఆగుతూ చదివింది.

మీరు ఫారంలో రాసింది చూసి మాకు ఏడాదిగా అర్థంకాని సంగతి అర్థమైంది, అని ఉంది అందులో. బకెట్ అడుగున రెండు దెబ్బలు కొట్టి, ఒక్క ఊపిరి ఆగి, ఇంకో దెబ్బ కొడితే ఆమె వస్తుందని మీరు రాశారు. అడవి అంచున ఒక ఊరుంది. అక్కడ కుళాయి దగ్గర ఆడవాళ్లు బకెట్ బోర్లించి రెండు దెబ్బలు కొట్టి ఇసుక దులుపుతారు. తర్వాత దాన్ని రాతి మీద పెడతారు. అదే చప్పుడు.

"పోయిన ఎండాకాలం రెండుసార్లు ఊళ్లోకి వచ్చిందట తాతా. ఒక్కతే కాదు. వెనక చిన్న ఏనుగులు కూడా. మొదటిసారి ఊరికే నిలబడి వెళ్లిపోయిందట. రెండోసారి గోడ కూలి ఒకావిడ కాలు విరిగింది."

పెద్దాయన బకెట్ మీంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఫారం చూశాక ఆడవాళ్లకు చెప్పి చూశారట. కానీ చేతి అలవాటు కదా, మానలేకపోతున్నారు. అంతకుముందు టపాకాయలు కాల్చారట, స్పీకరు పెట్టెల్లోంచి పెద్దపెద్ద అరుపులు వినిపించారట. రెండు రోజులు భయపడి అలవాటు చేసుకుందట. మూడోసారి ఊళ్లోకి వస్తే..."

"వస్తే?"

"కాల్చేస్తారట తాతా. ఊరివాళ్లకు మాట ఇచ్చారట."

తీగ మీది దుప్పటి గాలికి ఊగింది. ఆ పిల్ల మిగతాది గబగబా చదివేసింది. మామూలు యాత్రికులుగా మిమ్మల్ని ఆమె దగ్గరికి తీసుకెళ్లలేం. ఒక మనిషి కావాలి. ఆమెకు బాగా తెలిసిన మనిషి. ఆ దెబ్బలు కొట్టాలి, ఆమె దగ్గరికి రాగానే కసిరి తరిమేయాలి. ఇలా అయిదారుసార్లు. ఆ చప్పుడుకు వస్తే ఆదరణ లేదని ఆమెకు తెలియాలి. మీరు చేయగలిగితే రండి. చేయలేకపోతే మేం అర్థం చేసుకుంటాం. రేపటిలోగా చెప్పండి, వానలు పడకముందే జరగాలి.

"సంతకం ఉందా?" అని అడిగాడు.

"ఉంది తాతా."

ఆయన కాగితం తీసుకుని, మంచికన్ను దగ్గరగా పెట్టుకుని, ఆ సంతకాన్ని చాలాసేపు చూశాడు.

* * *

సాయంత్రానికి ఇంట్లో అందరికీ తెలిసింది. కూతురు నిద్రలేచి వచ్చి, రెండో కాగితం విని, ఎవర్నీ ఏమీ అనలేదు. వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. పొద్దున అన్నవన్నీ వెనక్కి తీసుకునే ఓపిక కూడా ఆమెకు లేదు.

"వెళ్దాం నాన్నా," అంది. "చూసినట్టూ ఉంటుంది, దాన్ని కాపాడినట్టూ ఉంటుంది."

"ఎలా చూడటం? నేను పిలిస్తే అది పరుగెత్తుకొస్తుంది. చెవులు ఇలా విప్పుకుని." చేతులు రెండు పక్కలకూ చాచాడు. "వచ్చినదాన్ని పొమ్మనాలి."

"ఒకసారి అని చూడండి మామయ్యా," అన్నాడు అల్లుడు. "ఇక్కడే. నేనే ఏనుగుననుకోండి."

"నువ్వా?"

"పొట్ట ఉందిగా."

మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అల్లుడు మొహాన్ని తేరిపార చూశాడు.

"పో," అన్నాడు.

"వినపడలేదు మామయ్యా."

"పో... పోమ్మా."

గ్యాస్ పొయ్యి దగ్గర నుంచి పెద్దావిడ ఒక్కసారిగా నవ్వింది. "పోమ్మా అట! అత్తారింటికి సాగనంపుతున్నాడు!"

"నాకు రాదే," అన్నాడు ఆయన కూర్చుంటూ. "దాన్ని ఎప్పుడూ ఏమీ అనలేదు."

"నువ్వెందుకు అంటావు! అనే పని నాకు పెట్టావుగా." ఆమె గరిట పక్కన పెట్టి ఇటు తిరిగింది. "క్యారేజీ లాక్కుని కాలికింద వేసి చపాతీలా అణగదొక్కినప్పుడు ఎవరు అన్నారు? నా పమిట కొంగు నములుతుంటే ఎవరు అన్నారు? నేను. అప్పట్నుంచి నా చెప్పుల చప్పుడు వింటే చాలు, నాలుగడుగులు వెనక్కి వేసి మూలన గోడకు తల ఆనించుకుని నిలబడేది. ఇంత శరీరం ఉండి! నువ్వు గడ్డి తేవడానికి వెళ్లి తిరిగొచ్చేదాకా ఇటు తిరిగేది కాదు."

మాట అయిపోయింది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

అందరూ తననే చూస్తున్నారని పెద్దావిడకు అప్పుడు తెలిసింది.

"ఏంటి?" అంది.

"అమ్మా," అంది కూతురు.

"ఏంటే?"

"నీకు తెలుసు ఏంటో."

"నాకేం తెలీదు. నా మోకాళ్లు చూశావా? ఈ మెట్లు దిగడానికే ఇద్దరు కావాలి. నాకు పాస్‌పోర్టు కూడా లేదు."

"ఉంది అత్తయ్యా," అన్నాడు అల్లుడు. "మామయ్యతో పాటే తీయించాం. ఆ రోజు మీరు ఫొటోవాణ్ణి కూడా తిట్టారు. ఫొటోలో కూడా తిడుతున్నట్టే ఉన్నారు."

"టీకా వేస్తే ఈయనకు జ్వరం వచ్చింది. నాకొస్తే చూసేదెవరు?"

"నేను," అన్నాడు పెద్దాయన.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. పెద్దావిడ తడబడి, గరిట ఎత్తి, మళ్లీ పెట్టేసింది. స్టూలు లాక్కుని కూర్చుంది. మోకాలు రుద్దుకుంటూ కిటికీలోంచి చాలాసేపు చూసింది. పిల్లి మళ్లీ వచ్చి కూర్చుని ఉంది. దాన్ని ఏమీ అనలేదు.

"నిజంగా కాల్చేస్తారా దాన్ని?"

"రాశారు అమ్మమ్మా."

"పాపిష్టివాళ్లు." మోకాలు రుద్దడం ఆపి అంది, "ఆ కాలు విరిగినావిడ మాత్రం ఏం చేసింది పాపం."

పెద్దాయన మొహంలోకి కొంచెం రంగు వచ్చింది. "ముగ్గురం వెళ్దాం అయితే. పిలవడం నేను పిలుస్తాను. పొమ్మనడం నువ్వు..."

"లేదు," అంది ఆమె.

"లేదేంటి?"

"నేను వెళ్తాను. అమ్మాయి తోడొస్తుంది. నువ్వు రాకూడదు."

కూతురు "అమ్మా!" అంది. పెద్దావిడ చెయ్యెత్తి ఆపింది. ఆమె గొంతులో అరుపు లేదు. ఆ గొంతుతో ఆమె మాట్లాడటం వాళ్లు తక్కువగా విన్నారు.

"నువ్వు పక్కన లేనప్పుడే అది నాకు భయపడేది. నువ్వుంటే ఏం చేసేది? చెప్పు. నువ్వే చెప్పు."

ఆయన ఉత్తరం మడతలు సరిచేశాడు.

"నీ వెనక దాక్కునేది. నీ భుజం మీంచి తొండం చాపి నా వైపు చూసేది. నేను ఎంత అరిచినా దానికి వేళాకోళమే. నువ్వు అక్కడుంటే నా అరుపు గాలికి పోతుంది. మళ్లీ ఊళ్లోకి వెళ్తుంది."

"దూరంగా జీపులో కూర్చుంటాను," అన్నాడు. "అద్దాలు వేసుకుంటాను. మాట్లాడను. చూస్తానంతే."

మనవరాలు తల దించుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు ఊగిసలాడింది.

"తాతా... నువ్వే రాయించావు."

"ఏం రాయించాను?"

"నువ్వు గేటు బయట సైకిలు దిగేసరికే లోపల చెవులు ఆడించేదని. గాలి అటు వీస్తే చాలు, నీ వాసన పట్టేదని. అది కూడా రాయించావు తాతా."

ఆయన తలూపాడు. రాయించాడు. అది నిజమే. రిజిస్టరులో కూడా చాలాసార్లు చెప్పి రాయించాడు.

కూతురు లేచి ఫ్రిజ్ వైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. అల్లుడు వెళ్లి పొయ్యి కట్టేశాడు.

పెద్దావిడ గోడ పట్టుకుని లేచింది. వసారాలోకి వెళ్లి బకెట్ తెచ్చి, ఆయన కాళ్ల ముందు బోర్లించింది. మోకాళ్లు పట్టేసినా, మెల్లగా కింద కూర్చుంది. పిడికిలితో దాని అడుగున మూడు దెబ్బలు కొట్టింది, ఒకదాని వెంట ఒకటి.

"అలా కాదు," అనేశాడు ఆయన.

అన్నాక నోరు మూసుకున్నాడు.

"మరెలా?"

ఆయన చేతులు ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"రేపటిలోగా చెప్పాలి వాళ్లకి," అంది ఆమె. "నేను నిన్ను బలవంతపెట్టను. నువ్వే వెళ్తానంటే వెళ్లు, కళ్లారా చూసుకుని రా. పోమ్మా అని చెప్పి రా. లేదూ, నన్ను వెళ్లమంటే ఎలా కొట్టాలో నేర్పు."

బకెట్ ఆయన వైపు జరిపింది. సంచి గుమ్మం పక్కనే ఉంది. దాని మీద మట్టిరంగు టోపీ, మనవరాలు తాత కోసం ఏరి తెచ్చింది.

పెద్దాయన ముందుకు వంగాడు. చెయ్యి బకెట్ అడుగున ఆనింది. మంచికన్ను కూడా మూసుకున్నాడు.

"తాతా?" అంది మనవరాలు. ఫోను ఆమె చేతిలో వెలుగుతోంది. "ఎవరి పేరు రాయను?"

ఒక దెబ్బ వినపడింది. తర్వాత ఇంకొకటి.

ఊపిరి తీసుకునేంత సేపు అయింది. ఆ సేపు దాటింది కూడా. ఆయన చెయ్యి గాల్లోనే ఉంది.